సాలమ్మ గట్టు

ఏనాటి మాటో చెప్పేవాళ్లకీ తెలియదు, వినేవాళ్లకీ తెలియదు. ఏటి ఒడ్డున ఒక పేట, పేటలో తాటాకుల చర్చి, ఆ పక్కనే సాలమ్మ గుడిసె. ఆమె పని గట్లు వెయ్యడం. మట్టి పోసి, పాట అందుకుని, దిమ్మిసతో లయగా కొట్టేది. దిమ్మిస దించినా ఒంట్లో ఆ దరువు ఆగేది కాదు. కూర్చున్నా కాలు నిలవదు, పడుకున్నా కాలు నిలవదు.

క్రిస్మస్ పాట నేర్పడానికి ఉపదేశి దేవసహాయం హార్మోనియం ముందు కూర్చున్నాడు. తెల్లదొరలు నేర్పిన రాగం. సాగదీసి పాడాలి.

"పవళించె... నదిగో... పాకలో..."

సాలమ్మ కాలు నిలవలేదు. ఆమె నోట పాట పరుగెత్తింది. మొదటి రోజు ఉపదేశి ఆమెని వెనక వరసకి పంపాడు. కాలు నిలవలేదు. రెండో రోజు గుమ్మం దగ్గరికి పంపాడు. కాలు నిలవలేదు. మూడో రోజు బయటికే పంపేశాడు.

"ఇది దేవుడి పాట సాలమ్మా. గట్టు మీద పాట కాదు."

"నాకు వచ్చిన దరువు ఇదొక్కటే అయ్యగారూ," అంది సాలమ్మ.

పండగ ముందు మూడు రోజులు ముసురు పట్టింది. పండగ ఉదయం లోపల పాట సాగుతోంది. బయట చూరు కింద సాలమ్మకి కుదురు లేదు. లేచి ఏటి వైపు నడిచింది. గట్టుకి గండి పడుతోంది.

ఆమె కేకకి చర్చంతా పరుగెత్తుకొచ్చింది. వీళ్లు మట్టి పోస్తున్నారు, నీళ్లు లాక్కుపోతున్నాయి. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు ఆగుతున్నారు. సాలమ్మ నడుంలోతు నీళ్లలోకి దిగి, గండికి అడ్డంగా నిలబడింది. ఆ పొద్దు అందరి నోళ్లలో ఉన్న పాటనే దరువు మీద ఎత్తుకుంది.

"పవళించె నదిగో, హైసా, పాకలో, హైసా..."

అడుగులన్నీ ఒక్కటయ్యాయి. తెల్లబట్టలతోనే ఉపదేశి కూడా తొక్కాడు. పొద్దు వాలేసరికి గండి పూడింది.

సాలమ్మకి మాత్రం చలిజ్వరం పట్టుకుంది. ఉపదేశి చూడటానికి వచ్చాడు. దుప్పటి కింద ఆమె కాళ్లు కదులుతూనే ఉన్నాయి.

"గట్టు నిలిచిందా అయ్యగారూ?"

"నిలిచింది. పడుకో తల్లీ."

"పచ్చి మట్టి అయ్యగారూ. ఇంకా తొక్కాలి."

మూడో రోజున సాలమ్మ పోయింది.

సమాధి దగ్గర ఉపదేశి ఆ పాటనే సాగదీసి ఎత్తుకున్నాడు. కాసేపటికి ఆయన కాలే ముందు కదిలింది. జనం అందుకున్నారు. అలా పాడుతూనే గట్టు దాకా వెళ్లి తొక్కివచ్చారు.

ఇప్పటికీ క్రిస్మస్ ఆరాధన అవగానే ఆ పేటవాళ్లు ఇళ్లకి వెళ్లరు. కొత్తబట్టలతోనే గట్టెక్కి, దరువేసి పాడుతూ తొక్కుతారు. ఎవరైనా కాస్త నిలబడితే పెద్దవాళ్లు ఊరుకోరు.

"కదులు. పచ్చి మట్టి," అంటారు.