కుంటినడక తెలిసిన నక్క

సరుగుడు తోపు దాటి సముద్రం వైపు వెళితే ఇప్పుడు ఒక ఇనుప కంచె, దానికో బోర్డు కనిపిస్తాయి. 'తీరప్రాంత జీవుల రక్షిత స్థలం, చప్పుడు చెయ్యకండి' అని ఆ బోర్డు మీద రాసి ఉంటుంది. అందరికన్నా ఎక్కువ చప్పుడు చేసేది లోపలున్న జీవులే కాబట్టి, వాటికి చదువు రాకపోవడం మంచిదే అయింది. ఒకప్పుడు అక్కడ మూడంతస్తుల హోటలుండేది. అలలకు మరీ దగ్గరగా కట్టారని కోర్టు పడగొట్టమంది. ఆ హోటల్లో చేపల వేపుడు ఎంత బాగుండేదో చెప్పడం మొదలుపెడితే కథ ఇక్కడే ఆగిపోతుంది. పెరట్లో పారేసిన ముళ్ళ కోసం నాలుగూళ్ళ నక్కలు వరసలో నిలబడేవంటే చాలు.

ఇప్పుడు గోడలు లేవు, గచ్చు మాత్రం మిగిలింది. షోకైన మనుషులు సూటుకేసులు దించుకున్న ముందుగది గచ్చు మీద, కంకరరాళ్ళ మధ్య, సూరమ్మ అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. తీతువులు గూడు కట్టవు. వాటి గుడ్లు మచ్చలు మచ్చలుగా అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. తలుపూ అదే, తాళమూ అదే.

మిట్టమధ్యాహ్నం. గచ్చు పెనంలా కాలుతోంది. సూరమ్మ మొగుడు అప్పలకొండ పొట్ట తడుపుకు రావడానికి ఉప్పుకాలవకి వెళ్ళాడు. ఎండాకాలంలో తీతువుల కాపురం అలాగే ఉంటుంది. ఒకరు గుడ్లకు నీడ పడుతుంటే ఇంకొకరు పొట్ట ఈకలు నీళ్ళలో ముంచుకొచ్చి వాటి మీద కూర్చోవాలి. కాసేపు ఎండకు వదిలేశారా, లోపలి పిల్లలు ఉడికిపోతాయి.

సరిగ్గా అప్పుడే కంచె కింద నుంచి ఒక నక్క దూరి వచ్చింది.

సూరమ్మ గుడ్ల దగ్గర నుంచి చప్పుడు లేకుండా పక్కకి జరిగి, ముప్పై అడుగులు దక్షిణంగా వెళ్ళాక తలెత్తి, "ఎవరదీ? ఎవరదీ?" అని అరిచింది.

"నేనే చెల్లెమ్మా! ఊరికే చూసిపోదామని వచ్చా. మా అమ్మమ్మ పెరిగింది ఇక్కడే, వంటగది వెనకాల."

"చూశావుగా. ఇక దయచెయ్యి."

"అప్పుడేనా? ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే కొబ్బరినీళ్ళు ఇచ్చేవారట."

"నీలాంటివాళ్ళకి కర్రతో ఇచ్చేవారట. అదీ విన్నాను."

నక్క పకపకా నవ్వింది. "నోరు బాగానే ఉంది. మరి గుడ్లెక్కడమ్మా?"

"ఏం గుడ్లు?"

"నాటకాలొద్దు చెల్లెమ్మా. ఇప్పుడు నువ్వు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ ఒక వైపు పోతావు. తేరగా దొరికావని నేను నీ వెంట పడాలి. గుడ్లేమో సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాయి. మా అమ్మమ్మ ఇదంతా ఉగ్గుపాలతో నేర్పింది. కానియ్, కుంటు! నువ్వెటు కుంటితే నేను దానికి ఎదురు దిక్కుకి పోతా. కుంటనంటావా, సరే, అంగుళం అంగుళం వాసన చూసుకుంటా. నాకేం తొందర!"

సూరమ్మకి తొందర. అక్కడ గుడ్లు కాలిపోతున్నాయి. తాతముత్తాతల నాటి విద్య ఇలా వీధిన పడిందేమిటి భగవంతుడా అనుకుంది. ఉత్తరాన గుడ్లు. దక్షిణాన హోటలువాళ్ళ ఈతకొలను. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం దాన్ని బురదతో నింపి పోతోంది. పైన ఎండి పెచ్చు కట్టి, చూడ్డానికి చదునైన నేలలా ఉంటుంది. అడుగున ఎంత లోతుందో అందులో కాపురముండే పీతలకే ఎరుక.

'దక్షిణానికి కుంటితే వీడు ఉత్తరానికి పోతాడు. అంటే నేను...'

ఆలోచన సగంలో ఉండగానే ఒళ్ళు జలదరించింది. శత్రువు చూస్తుండగా తన గుడ్ల వైపే కుంటిన తీతువు ఇంతవరకు పుట్టలేదు. కాళ్ళు మొరాయించాయి. ఒకటి అటు లాగింది, ఒకటి ఇటు లాగింది. దాంతో కుంటినడక మాత్రం మహా సహజంగా కుదిరింది. రెక్క నేలకి రాస్తూ, "అయ్యో, అమ్మో, చచ్చానో" అంటూ ఉత్తరానికి బయల్దేరింది.

ఆ క్షణానే అప్పలకొండ పొట్ట నుంచి నీళ్ళు కారుతుండగా పైనుంచి దిగాడు. పెళ్ళాం కుంటుతున్న దిక్కు చూసి కెవ్వుమన్నాడు.

"ఏమే, మతిగాని పోయిందా? అటు కాదే! గుడ్లు అటే ఉన్నాయే!"

నక్క చెవులు రిక్కించింది. ఒక్క క్షణం. తర్వాత నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

"ఓహోహో! మొగుడు కూడా వేషం కట్టాడే! గుడ్లు అటే ఉన్నాయట! ఏ తండ్రయినా ఆ మాట నక్క ముందు అరుస్తాడా?"

"నాలుగూ అక్కడే కదే పెట్టావు!" అని అప్పలకొండ పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"లెక్క కూడా చెబుతున్నాడు! ఇంకా కానియ్ బావా, ఇంకా కానియ్!"

"నోర్ముయ్యవయ్యా!" అని సూరమ్మ బావురుమంది. ఈ ఏడుపు మాత్రం నిజమైందే.

"ఆహా, ఏడుపు! ఇంత బాగా మా అమ్మమ్మ కాలంలో కూడా ఏడ్చి ఉండరు" అని మెచ్చుకుని, నక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. దక్షిణానికి ఒకటే పరుగు. చదునుగా కనిపించిన ఆ పెచ్చు మీదికి ఒక్క దూకు దూకింది.

బుడుంగ్!

మెడదాకా దిగిపోయింది. ఎర్ర పీత ఒకటి కన్నంలోంచి వచ్చి, దాని ముక్కు మీదికెక్కి, కళ్ళు రెండూ పైకెత్తి చూసింది.

"ముందుగా కబురు పెట్టి రావాలి బాబూ. గదులు ఖాళీ లేవు" అని ముక్కు పట్టుకుని గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది.

నక్క పెట్టిన కేకకి సరుగుడు తోపులో కాకులన్నీ లేచిపోయాయి. అప్పలకొండ అదేమీ పట్టించుకోకుండా గబగబా వెళ్ళి తడి పొట్టతో గుడ్ల మీద కూర్చున్నాడు. సూరమ్మ ఒక గుడ్డుకి చెవి ఆనించి ఊపిరి బిగబట్టింది. లోపల నుంచి 'టిక్' మని చిన్న చప్పుడు. మళ్ళీ 'టిక్'.

"బతికున్నాయయ్యా!"

"బతకవా మరి! సమయానికి నేనొచ్చి అరిచాను కాబట్టి సరిపోయింది" అన్నాడు అప్పలకొండ.

సూరమ్మ మొగుడి నెత్తి మీద ముక్కుతో ఒక్కటి పొడిచింది. తర్వాత ఆలోచిస్తే ఆ మాటా నిజమేననిపించి, ఇంకొకటి పొడిచింది.

పోటు వచ్చి బురద వదులైతే గానీ నక్క బయటపడలేదు. తోక చివరిదాకా బురదతో, వాచిన ముక్కుతో కంచె కింద నుంచి దూరిపోతూ కూడా, "గుడ్లు ఆ బురద అడుగునే దాచారు, నాకు తెలుసు" అని గొణుక్కుంటూనే ఉంది.

ఎదుటివాళ్ళ మాయలన్నీ తనకే తెలుసని మురిసేవాడికి, వాళ్ళు ఎలుగెత్తి నిజం చెప్పినా అది మాయలాగే వినిపిస్తుంది.