నలభై బిరుదులూ ఒక నేతి గడ్డా

అమ్మ పొయ్యి మీద పాలు చూడమంది, అవి పొంగేలోపు ఒక కథ చెబుతా. దమ్ముంటే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. ఒకానొక రాజ్యంలో, కొండ మీద కోటలో, చండకేతుడని ఒక రాజు ఉండేవాడు. వాడి బిల్డప్ మామూలుగా ఉండేది కాదు. బిరుదులే నలభై.

ధనుర్మాసంలో రోజూ తెల్లారగానే సభ. రాజుగారి పళ్లెంలో పొంగలి పెట్టి, భట్రాజు నలభై బిరుదులూ చదివేదాకా దాని మీద నేతి ధార తెగకుండా పోయాలి. అది ఆచారం. పోసేది, కోటకి నెయ్యి కాచి తెచ్చే ముసలామె నేతి బంగారక్క.

ఆ రోజు చలి ఎముకలు కొరికేస్తోంది. భట్రాజు పదిహేడో బిరుదు దాకా వచ్చాడు. బంగారక్క మొదటి బిరుదు నుంచీ చెంబు వంచే నిలబడింది. చుక్క రాలేదు. ఇంకాస్త వంచింది. నెయ్యి మొత్తం గడ్డగా జారి దబ్బున పళ్లెంలో పడింది. పొంగలి ఎగిరి రాజుగారి మీసాలకి అంటుకుంది.

"నా సభలో గడ్డకడుతుందా?" అన్నాడు రాజు. "నా ఆజ్ఞ లేనిదే ఇక్కడ ఈగ రెక్క కూడా ఆడదు."

"చలికి పేరుకుంది దొరా, నేనేం చేసేది?"

"నోర్ముయ్. ఇది రాజద్రోహం. మధ్యాహ్నానికల్లా దీనికి గుండు గీసి పొలిమేర దాటించండి."

పక్కనే ఉన్న విదూషకుడు తిప్పన్నకి మనసొప్పలేదు. ముసలి ప్రాణం, ఈ చలిలో ఎక్కడికి పోతుంది? పైగా అంత కమ్మటి నెయ్యి మళ్లీ దొరకదు. ఎదురు చెబితే తన గుండు కూడా లెక్కలోకొస్తుంది. అందుకని వంగి దణ్ణం పెట్టాడు.

"శిక్ష సరైనదే ప్రభూ. కానీ ముందు మీ ఆజ్ఞ పవరేంటో దీనికి చూపించండి. మనవాళ్లని విడివిడిగా కూర్చోమనండి."

సభలో అందరూ ఒక్కో కంబళి కింద నలుగురు చొప్పున అతుక్కుని ఉన్నారు.

"విడిపోండి," అన్నాడు రాజు.

జానెడు జరిగారు. మళ్లీ అతుక్కున్నారు.

తిప్పన్న తలుపులు మూయించి నాలుగు కుంపట్లు తెప్పించాడు. కాసేపటికి కంబళ్లు జారాయి. మంత్రి స్తంభం దగ్గరికి, సేనాపతి కిటికీ దగ్గరికి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి జారుకున్నారు.

ఇంకో పది కుంపట్లు వచ్చాయి.

"ఎవరూ కదలొద్దు," అని రాజు అరిచాడు.

ఎవడు వింటాడు? తలుపు తోసుకుని కొందరు, కిటికీ దూకి కొందరు పెరడంతా చెల్లాచెదురయ్యారు. రాజు మాత్రం పంతానికి జరీ అంగీలో ఉడికిపోతూ కూర్చున్నాడు. చివరికి కిరీటం సింహాసనం మీద పడేసి తనూ బయటికి పరిగెత్తాడు.

అక్కడ తిప్పన్న తాపీగా నిలబడి ఉన్నాడు. "ఎవరి ఆజ్ఞ మీద లేచొచ్చారు ప్రభూ?"

రాజు మీసాల మీది పొంగలి తుడుచుకుంటుంటే తిప్పన్నే అందుకున్నాడు.

"నెయ్యిలోనూ కంటికి కనపడని కణాలుంటాయి. చలికి మన సభలాగే అతుక్కుని కూర్చుంటాయి. వెచ్చబడితే కదులుతాయి, జారతాయి. అదే నీళ్లని మరగబెట్టండి, ఆవిరై సేనాపతిలాగా ఎగిరిపోతాయి. వాటికి బిరుదులు చదివితే లాభం లేదు, కింద సెగ పెట్టాలి."

బంగారక్క పేరుకున్న ఇంకో నేతి చెంబుని పెరట్లోకి తెచ్చి, కుంపటి పక్కన కాసేపు ఉంచి వంచింది. నెయ్యి దారంలా జారింది.

"సరే, గుండు లేదు, ఏం లేదు," అన్నాడు రాజు ఆమెతో. "ఏం కావాలో అడుగు."

"ఏం వద్దు దొరా. నలభై బిరుదులున్నాయి కదా, రేపు కాస్త ముందు లేచి ఆ కుంపటి మీరే ఊదండి."

రాజు మీసం వణికింది. తర్వాత పొట్ట. తర్వాత పగలబడి నవ్వుతూ, భుజం మీది పట్టుశాలువా తీసి బంగారక్కకి కప్పి, చేతి కడియం తిప్పన్న మీదికి విసిరాడు. దాన్ని పట్టుకోబోయి తిప్పన్న ఏం చేశాడంటే...

ఆ, వస్తున్నా అమ్మా. చూస్తూనే ఉన్నా, పాలు ఇంకా పొంగ... అయ్యో