గవ్వలంకకు మళ్లీ ప్రయాణం

గోదారి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట ఒక ఆసామికి కొబ్బరితోట, తోటలో ఒక పెద్ద పెరడు ఉన్నాయి. ఆ పెరట్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మాటలే. గేదె నెమరువేస్తూ మాట్లాడేది, కోళ్లు గింజలేరుకుంటూ మాట్లాడేవి, ముసలి పొట్టేలు మాత్రం "కాసేపు మాట్లాడకుండా ఉండండర్రా" అంటూ మాట్లాడేది. వీళ్లందరికీ కాపలా వీరన్న అనే కుక్క.

వీరన్నకు తొమ్మిదేళ్లు నిండాయి. కుక్కల లెక్కలో అది పింఛను పుచ్చుకునే వయసు. అయినా ఆకు కదిలితే లేవాలి, పిల్లి తుమ్మితే అరవాలి. రెండు కళ్లూ ఒకేసారి మూసి నిద్రపోయింది అతని జీవితంలో ఒక్కచోటే. అది గవ్వలంక.

గవ్వలంక ఏటికి అవతల, సముద్రం అంచున ఉన్న చిన్న దీవి. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, చుట్టూ మడచెట్లు, ఎప్పుడూ ఆగని గాలి. పోయిన వేసవిలో కొబ్బరి దింపుకని ఆసామి పడవ మీద వెళ్తూ వీరన్నను ఎక్కించుకున్నాడు. నీలాలు అనే గేదె పడవ వెనకే ఈదుకుంటూ వెళ్లింది. పన్నెండు రోజులున్నారు. అక్కడ దోచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి దొంగలూ లేరు. వీరన్న కొబ్బరిచెట్టు కింద పడుకుని, నీడ జరిగినప్పుడల్లా తనూ జరగడం తప్ప ఇంకో పని చెయ్యలేదు.

తిరిగొచ్చాక ఏడాది పొడుగునా అదే కథ. గాలి వీస్తే "ఇదీ ఒక గాలేనా, గవ్వలంకలో అయితేనా" అనేవాడు. కోడిపిల్ల పీతను చూసి భయపడితే "గవ్వలంకలో పీతలు ఎంత మర్యాదగా పక్కకి తప్పుకుంటాయో" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వినపడగానే కోళ్లు గింజలు వదిలేసి మరీ పక్కకి పోయేవి.

మళ్లీ వైశాఖం వచ్చింది. ఆసామి ఇంటిల్లిపాదీ పెళ్లిళ్లకని బయల్దేరి వెళ్లారు. ఈ ఏడు లంకలో కొబ్బరి దింపు లేదు. కానీ నీలాలు వట్టిపోయి ఉంది, పాలు తీసే పని లేదు. ఏరు కూడా ఎండలకి తగ్గింది.

"బాబూ వీరన్నా, నువ్వు రోజూ తలుచుకుని కుమిలే బదులు మనమే వెళ్లొస్తే పోలా?" అంది నీలాలు. "పాటు సమయంలో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దిగితే నీళ్లు నా పొట్ట దాకా కూడా రావు."

వీరన్న చెవులు రెండూ లేచాయి. అప్పటికప్పుడు కూర్చుని ప్రయాణం ఆలోచన మొదలుపెట్టాడు.

"మొదటి రోజు నిద్ర" అన్నాడు.

"రెండో రోజు?"

"మొదటి రోజు అలసట తీరాలి కదా. నిద్ర."

"మూడో రోజు?"

"నిద్ర పట్టకపోతే సముద్రం చూద్దాం. పడితే వద్దు."

"మరి తిండి?"

"చేపలవాళ్లు వలలు దులిపేచోట నా తిండి నాకుంటుంది. నీకు పచ్చగడ్డి మోకాలెత్తున ఉంటుంది." అంతలోనే అతని చెవులు మళ్లీ వాలిపోయాయి. "కాదులే అత్తా, ఎక్కడ కుదురుతుంది? నేను లేకపోతే కోళ్లను ఎవరు చూస్తారు? పన్నెండు కోళ్లు, ఒక పుంజు. వచ్చేసరికి ఈకలు లెక్కపెట్టుకోవాలి."

నీలాలు నిట్టూర్చింది.

ఈ మాటలన్నీ ఆముదపు చెట్ల చాటు నుంచి జంబయ్య అనే నక్క విన్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం కంచె దగ్గర కొచ్చి, రెండు కాళ్లూ ముందుకు చాపి దణ్ణం పెట్టాడు.

"బావగారూ, అరవకండి. నేను ఆకలితో రాలేదు, అభిమానంతో వచ్చాను."

"నీ అభిమానం కంచె బయట పెట్టుకో" అన్నాడు వీరన్న, గొంతులో గుర్రు తగ్గించకుండా.

"అలాగే, బయటే ఉంటాను. మీరు గవ్వలంక వెళ్తున్నారని తెలిసింది. చాలా మంచి ఆలోచన. తొమ్మిదేళ్లుగా మీ అరుపులు విని మా ప్రాణాలూ అలిసిపోయాయి. మీరు విశ్రాంతి తీసుకుంటే మేమూ కాస్త తీసుకుంటాం."

"నేను వెళ్లడంలేదు. కోళ్లకి కాపలా ఎవరు?"

జంబయ్య జాలిగా తల ఊపాడు. "ఇదే బావగారూ మీతో వచ్చిన చిక్కు. మీ విలువ మీకు తెలీదు. తాళం గట్టిదో కాదో చేసినవాణ్ణి అడిగితే ఏం తెలుస్తుంది? దొంగని అడగాలి. నేను చెప్తాను వినండి. మా ఇళ్లల్లో పిల్లలు అన్నం తినకపోతే మీ పేరు చెప్పి తినిపిస్తారు."

"నా పేరా?" అన్నాడు వీరన్న. గుర్రు ఆగిపోయింది.

"మీ పేరే. వీరన్నొస్తున్నాడంటే మా మేనత్తకి ఇప్పటికీ నడుం పట్టేస్తుంది. ఎండ మండిపోతోంది, కాస్త నీడకి రానిస్తారా?"

వీరన్న అవునన్లేదు, కాదన్లేదు. జంబయ్య కంచె సందులోంచి లోపలికొచ్చాడు. వీరన్న రోజూ పడుకునే గోనెపట్టా గోడ నీడలో పరిచి ఉంది. దాని అంచు మీద వినయంగా కూర్చున్నాడు. మాట సాగేకొద్దీ మధ్యకి జరిగాడు.

"అసలు మీరు ఇక్కడ ఉండక్కర్లేదు బావగారూ. మీ వాసన ఉంటే చాలు. మీ పక్కబట్ట ఏదైనా కోళ్లపాక గుమ్మానికి కట్టి వెళ్లండి. ఆ వాసన తగిలిందంటే ఏ నక్కకైనా సరే కళ్లు తిరుగుతాయి, కాళ్లు చచ్చుపడతాయి. నక్క జాతి తరఫున నేను ప్రమాణం చేసి చెప్తున్నాను."

పొగడ్తకి వీరన్న కళ్లు సగం మూతలు పడ్డాయి. తొమ్మిదేళ్లలో ఆసామి కూడా అతన్ని ఇంత మెచ్చుకోలేదు. జంబయ్య వెళ్లిపోయాక నీలాలు దగ్గరకి పరుగెత్తుకెళ్లి, "అత్తా, ఇవాళ నక్క తోక తొక్కొచ్చాను. ఎల్లుండి పొద్దున్న పాటుకి బయల్దేరదాం" అన్నాడు.

గోడ మీద కూర్చుని ఇదంతా చూసిన పింగళి అనే పెట్టకోడి మాత్రం కిందికి దిగలేదు. అది చిన్నప్పటి నుంచీ అనుమానపు మనిషి. గింజని కూడా ఓసారి తిప్పి చూస్తేగానీ మింగేది కాదు. కాసేపు ఆ గోనెపట్టా వంకే చూసి, తర్వాత నీలాలు చెవి దగ్గరకి చేరింది.

"అత్తా, ఆ జంబయ్య ఎక్కడ కూర్చున్నాడో చూశావా?"

"పట్టా మీద కూర్చున్నాడు. అయితే?"

"వీరన్న బాబాయి వాసన తగిలితే నక్కకి కాళ్లు చచ్చుపడతాయట. ఆ వాసన మీదే గంటసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మునికాళ్ల మీద గెంతుకుంటూ పోయాడు."

నీలాలు నెమరు ఆపింది. ఆమెకి ఏ విషయమైనా నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కితే దిగదు. "అమ్మ జంబయ్యా" అంది చివరికి. "ఇప్పుడీ మాట వీరన్నకి ఎవరు చెప్తారు?"

పింగళే చెప్పింది. వీరన్న విన్నాడు. వెళ్లి పట్టాను వాసన చూశాడు. దాని నడిమధ్యలో ఎర్రటి నక్క వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. తొమ్మిదేళ్ల కాపలావాడు, కళ్లెదురుగా దొంగని కూర్చోబెట్టుకుని కబుర్లు విన్నాడు. తోక కాళ్లమధ్య పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను ఎక్కడికీ రాను. నాకు లంకా వద్దు, గాలీ వద్దు. ముసలాణ్ణయిపోయాను, బుద్ధి మందగించింది."

పింగళి అతని ముందుకొచ్చి నిలబడింది.

"బుద్ధి మందగించలేదు బాబాయ్, నిద్ర చాలక అలా అయ్యావు. నువ్వు వెళ్లాల్సిందే. వెళ్లకపోతే ఇంకో ఏడాది మేము గవ్వలంక కథ వినాలి, మావల్ల కాదు. పోనీ మమ్మల్ని వదిలి వెళ్లలేవా? మేమే వస్తాం."

"మీరా? పన్నెండు మందీనా?"

"పుంజుతో కలిపి పదమూడు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదొద్దన్నారు పెద్దలు. అందుకని మేము గేదె వీపెక్కుతాం."

నీలాలు తన వీపు వంక ఓసారి తిరిగి చూసుకుంది. "గోళ్లు గుచ్చకుండా కూర్చుంటే నాకేం అభ్యంతరం లేదు" అంది.

పుంజు ఒక్కడికే బెంగ పట్టుకుంది. "నేను కూయకపోతే ఈ ఊరికి తెల్లారేదెలా?" అన్నాడు. "మామూలుగానే తెల్లారుతుంది, ఎవరికీ చెప్పకు" అంది పింగళి.

ఇక మిగిలింది పొట్టేలు. పేరు కొమ్ములయ్య. చూరు కింద పడుకుని, ఈ గొడవకి విసుక్కుంటూ ఒక కన్ను తెరిచాడు.

"నన్ను మాత్రం లాగకండి. నాకు నీళ్లంటే పడదు."

"నిన్ను రమ్మనడంలేదు మావయ్యా" అంది పింగళి. "పన్నెండు రోజులు ఇక్కడ కోడి కూయదు, కుక్క అరవదు, గేదె మాట్లాడదు. మా పాక కూడా ఖాళీ. చల్లగా ఉంటుంది, తాటాకు కప్పు. కావాలంటే అందులో పడుకో."

కొమ్ములయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. "ఇంత మంచి మాట ఇంతసేపూ దాచి ఇప్పుడా చెప్పడం? ఎప్పుడెళ్తున్నారు?"

"ఎల్లుండి. బాబాయి పట్టా గుమ్మానికి పరదాలా కడతాం, వెలుతురు పడకుండా. కానీ మావయ్యా, ఎవరైనా వచ్చి నీ నిద్ర చెడగొడితే?"

"చెడగొడితే ఏం చెయ్యాలో నాకొకరు నేర్పక్కర్లేదు" అని కొమ్ములయ్య మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అనుకున్న రోజు తెల్లవారగానే పెరట్లోనే పదమూడూ నీలాలు వీపెక్కాయి. వీరన్న ముందు నడిచాడు. ఏట్లోకి దిగాక మొదట్లో అందరూ మాట్లాడారు, నడిమికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. పింగళి కళ్లు మూసుకుని తనకి తెలిసిన దేవుళ్లందర్నీ వరసగా తలుచుకుంది. వీరన్న వెనక్కి ఈదుకుంటూ వచ్చి, ఒడ్డు దొరికేదాకా గేదె పక్కనే ఉన్నాడు.

గవ్వలంక ఇసుక మీద కాలు పెట్టగానే కోళ్లు చెల్లాచెదురయ్యాయి. ఒకటి పురుగు దొరికిందంది, ఇంకొకటి ఇంత పెద్ద చెరువు ఎప్పుడూ చూళ్లేదని సముద్రం చుట్టూ తిరిగొద్దామంది. కలగన్న ప్రశాంతత ఎటుపోయిందో వీరన్నకి అర్థం కాలేదు. ఓ కొబ్బరిచెట్టు కింద చతికిలబడి వాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదమూడు వచ్చాయి. ఇంకోసారి లెక్కపెట్టాడు. పదమూడే. మూడోసారి ఏడు దగ్గరే రెండు కళ్లూ మూసుకుపోయాయి.

అదే రోజు మధ్యాహ్నం జంబయ్య ఏటి ఒడ్డుకెళ్లి అడుగుజాడలు చూశాడు. కుక్క పాదాలు, గేదె గిట్టలు నీళ్లలోకి దిగాయి. తిరిగొచ్చిన గుర్తు ఒక్కటీ లేదు. కోడి కాలిగుర్తు కూడా ఒక్కటి లేదు. అంటే కోళ్లు ఇంట్లోనే ఉన్నాయి. మీసం దువ్వుకుని, తొందరేం లేదన్నట్టు పెరట్లోకి నడిచాడు. గోనెపట్టా గుమ్మానికి వేలాడుతోంది. లోపలి నుంచి గురగురమని శబ్దం.

"పాపం, కూత కూడా మర్చిపోయి నిద్రపోతున్నాయి" అనుకున్నాడు. పట్టాకు ఒక దణ్ణం పెట్టి, పక్కకి తొలగించి, చీకట్లోకి తల దూర్చాడు. "లేవండమ్మా, చుట్టం వచ్చాడు."

చుట్టానికి జరగాల్సిన మర్యాద జరిగింది. కొమ్ములయ్య పడుకున్నచోటి నుంచే లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచుకుని వచ్చాడు. జంబయ్య పట్టాతో సహా గుమ్మం దాటి, కుడితితొట్టి దాటి, కంచె కూడా దాటి ఆముదపు చెట్లలో పడ్డాడు. లేచి చూసుకునే లోపల ఇంకోసారి గాల్లోకి లేచాడు, ఎందుకంటే కొమ్ములయ్య కూడా కంచె దాటి వచ్చాడు.

"ఇప్పుడే కాస్త కన్నంటుకుంది" అన్నాడు పొట్టేలు బాధగా.

సాయంత్రానికి జంబయ్య కుంటుకుంటూ బొరియ చేరాడు. ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"కోడేది?"

"కోళ్లన్నీ సెలవు మీద వెళ్లాయి."

"మరి నీ నడుం ఏమయింది?"

జంబయ్య నడుం పట్టుకుని లోపలికి దూరాడు. ఆవిడ పెట్టిన వెల్లుల్లి కాపడం కాచుకుంటూ వారం రోజులు బోర్లా పడుకున్నాడు. ఆ వారంలో అతనికి తెలిసొచ్చిందేమిటో ఎవరితోనూ అనలేదు గానీ, వీరన్న మాత్రం లంక నుంచి తిరిగొచ్చాక తనకి తెలిసొచ్చింది ఆ పెరట్లో పిల్లలందరికీ చెప్తుంటాడు.

పొగడ్తను చెవులతో వినవచ్చు గానీ, పొగిడేవాణ్ణి మాత్రం కళ్లు తెరిచి చూడాలి.