కణత దగ్గర గీత

రాజమండ్రిలో విగ్గులు కట్టే గవరయ్య గారు ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆయన శిష్యుడు శోభనాద్రి ఒకనాడు అడిగాడు: "నాటకాలకి కిరీటాలు చేసేవాణ్ణి నలుగురూ మెచ్చుకుంటారండి. మన పని నలుగురికీ తెలిసిందంటే చెడినట్టే. మరి మనం దేన్ని చూసుకుని గర్వపడాలి గురువుగారూ?"

గవరయ్య గారు ఆ పూటే వచ్చిన హైమావతి గారిని అతనికి అప్పగించారు. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతారు. జబ్బు నయమైంది గానీ, మందులకి పోయిన జుట్టు మళ్ళీ రాలేదు. బజార్లో కొన్న విగ్గుతో క్లాసుకి వెళితే పిల్లలు పాఠం మానేసి ఆవిడ నుదురే చూశారట. "ఇదీ అలాగే ఉంటే రాజీనామా ఇచ్చేస్తానండి. కాగితం రాసి పెట్టుకున్నాను," అన్నారు.

శోభనాద్రి పనిమంతుడే, ఆ మాట ఒప్పుకోవాలి. తలమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి, దానిమీద టేపు పొరలు పొరలుగా అంటించి, అచ్చు గట్టిపడ్డాక స్కెచ్ పెన్నుతో నుదుటి అంచు గీశాడు. కనుబొమలకి నాలుగు వేళ్ళు పైన. రెండు కణతలూ కొలిచి మరీ సమానం చేశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తనలో తను మురిసిపోయాడు కూడా.

గవరయ్య గారు చూసి, తడిగుడ్డతో గీతంతా తుడిచేశారు. శోభనాద్రి మొహం మాడిపోయింది. ఆయన ఆవిడ ఎదురుగా కూర్చుని, "అమ్మా, మీ క్లాసులో అందరికంటే మొండివాడు ఎవరండీ?" అని అడిగారు.

హైమావతి గారి గొంతులోకి సత్తువ వచ్చింది. వెనక బెంచీలో ఒకడున్నాడట, సున్నాతో భాగించకూడదని ఎన్నిసార్లు చెప్పినా చెవిని పెట్టడట. చెబుతూ చెబుతూ ఆవిడ ఎడంచేత్తో, లేని జుట్టుపాయని కణత మీంచి చెవి వెనక్కి తోసుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ వేళ్ళు మొదట తాకిన చోట గవరయ్య గారు చుక్క పెట్టి, దాని మీదుగా గీత మళ్ళీ గీశారు. ఎడమ కణత కుడిదానికంటే అరవేలు వెనక్కి పోయింది, అంచు కాస్త వంకర తిరిగింది. "ఇప్పుడు ఈ గీత వెంబడే అచ్చు కత్తిరించు," అని కత్తెర శిష్యుడికి ఇచ్చారు.

నెల తిరిగేసరికి విగ్గు ఆవిడకి అందింది. క్లాసుకి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం దాకా చూసి, శోభనాద్రి ఉండబట్టలేక తనే ఫోన్ చేశాడు. ఆవిడ చెప్పిందల్లా ఆ మొండివాడి సంగతే. వాడు మళ్ళీ సున్నాతో భాగించాడట, గంటసేపు బోర్డు దగ్గర నిలబెట్టారట. రాజీనామా మాటే లేదు. "ఉంటానండీ, రేపు వాళ్ళకి పరీక్ష, పేపరు తయారు చెయ్యాలి," అని పెట్టేశారు.

శోభనాద్రి చిన్నబుచ్చుకున్నాడు. "మన పని గురించి ఒక్క ముక్క అనలేదండి. నెత్తిన ఉందన్న సంగతే ఆవిడకి గుర్తున్నట్టు లేదు."

గవరయ్య గారి మొహంలో అంత గర్వం శోభనాద్రి ఎన్నడూ చూడలేదు.

"పెట్టుకున్న మనిషే మరిచిపోయిందా?" అన్నారాయన. "అయితే రేపట్నుంచి గీత కూడా నువ్వే గియ్యి."