పాయ దిగని మసేనమ్మ

"మసేనమ్మత్తా... ఓ మసేనమ్మత్తా..."

గట్టు మీంచి కేక. ఒకసారి పిలిచారు, పలకలేదు. రెండోసారి పిలిచారు, పలకలేదు. ఎలా పలుకుతుంది? కొక్కెం పట్టిన ఆవిడ చెయ్యి భుజం దాకా పీత కన్నంలో ఉంది. చెయ్యి కన్నంలో ఉన్నప్పుడు నోరు విప్పకూడదని ఆవిడ పెట్టిన నియమమే. చుట్టూ మోకాలి లోతు బురదలో ఊళ్ళో పిల్లలంతా ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. మూడోసారి పిలిచేసరికి కొక్కేనికి వేలాడుతూ మండపీత బయటికొచ్చింది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, దీనికింకా పెళ్ళీడు రాలేదర్రా అని మళ్ళీ కన్నంలోనే దింపేసింది మసేనమ్మ. పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడు పలికింది.

"ఏరా బైరాగీ, ఏంటా కేకలు?"

ఇది ఏనాటి మాటంటే, సముద్రం ఇంకా మనుషుల్తో వరసలు కలిపి మాట్లాడే నాటి మాట. మడ చెట్లు మన గుమ్మం దాకా నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని తిరిగెళ్ళే నాటి మాట. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పునీటి పాయ ఒకటి ఉండేది. పోటుకి నిండేది, పాటుకి తీసేది. నీళ్ళు తీసేశాక మడ చెట్ల ఊపిరి వేళ్ళు బురదలోంచి పైకి లేచి నిలబడేవి, భూమి తన వేళ్ళన్నీ ఎత్తి ఆకాశాన్ని ఏదో అడుగుతున్నట్టు.

ఆ పాయలో పీతలు పట్టుకుని బతికేది మసేనమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఒక కొక్కెం, ఒక తాటాకు బుట్ట, మోకాళ్ళ పైకి దోపిన చీర, అంతే ఆవిడ ఆస్తి. ఊళ్ళో ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని సంతకి పోతూ పిల్లల్ని ఆవిడ దగ్గర దింపేవారు. ఆవిడేమో వాళ్ళని బురదలో దింపేది.

పిల్లలకి ఆవిడ నేర్పిన చదువు ఒక్కటే. "ముందు చెవి, తరవాత కన్ను, అన్నిటికీ ఆఖర్న చెయ్యి." మడలోకి అడుగు పెట్టగానే అందర్నీ కళ్ళు మూసుకోమనేది. ఎక్కడో టపటపా చప్పుడయితే అది బురదచేప గెంతడం. చిటపట చిటపట అంటే చిన్న రొయ్య తన గోరు కొట్టుకోవడం. ఈల వేసినట్టుంటే చలికాలపు చుట్టం ఉల్లంకి పిట్ట, ఏ దేశంనించో ఎగురుకుంటూ వచ్చి మన బురదలో భోంచేసి పోయేది. చెవులతో పోల్చుకున్నాకే కళ్ళు తెరవాలి. కళ్ళతో చూశాకే, అవసరమైతేనే, చెయ్యి చాపాలి.

అడుగులు కూడా నేర్పింది. తడి బురద మీద పిడికిలి నొక్కి, పైన నాలుగు వేళ్ళ కొసలు గుచ్చితే నీటిపిల్లి అడుగు, అదే, చేపలు పట్టి తినే అడవిపిల్లిది. వేళ్ళు విడదీసి అరచెయ్యి ఆనిస్తే నీటికుక్క అడుగు. మూడు వేళ్ళు ముందుకీ ఒకటి వెనక్కీ గీస్తే కొంగ అడుగు. పిల్లలు గట్టంతా అడుగులు వేసేసి, మామ్మా, ఇది నిజందా మేం వేసిందా, చెప్పుకో చూద్దాం అనేవారు. ఆవిడ ఒక్కోసారి కావాలనే ఓడిపోయేది.

బైరాగి కూడా ఆ బురదలో పెరిగినవాడే. పసితనంలో తొందరపడి, చెవీ లేదు కన్నూ లేదు, ముందే చెయ్యి పెట్టేశాడు కన్నంలో. మండపీత చిటికెన వేలు నలిపేసింది. మసేనమ్మే మడ పుల్ల వేసి కట్టు కట్టింది. వేలు అతుక్కుంది గానీ వంకర పోయింది. ఇప్పుడు వాడు మీసాలొచ్చిన మగాడు. పేరుకే బైరాగి. ఎరకయ్య కూతురు పూలమ్మ బిందె పట్టుకుని పాయ ఒడ్డున వెళ్తుంటే, ఆ బిందె కన్నా ముందు వీడి కళ్ళు నిండేవి. ఏరా, సన్నాసుల్లో కలుస్తావా, ఎరకయ్య అల్లుళ్ళలో కలుస్తావా అని ఈడువాళ్ళు ఆటపట్టించేవారు.

ఎరకయ్య ఒక మాట అన్నాడు. ఏ పోటుకీ ఎవడి మావు ఖాళీగా లేవదో వాడికే నా పిల్లనిస్తానన్నాడు.

మావు అంటే వెదురు బుట్ట. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. ఊళ్ళో ప్రతి ఇంటికీ పాయలో ఒక గుంజ, గుంజకి కట్టిన ఒక మావు ఉండేవి. వాటికి కాపలా ఉండేది కాదు. ఒకరి మావు ఇంకొకరు ముట్టరు. ముట్టినవాడికి ఆ ఊళ్ళో ఉన్న శిక్ష ఒక్కటే: బతికుండగా పాయ దిగకూడదు, చచ్చాక పాయ మీద పోకూడదు. ఆ ఊళ్ళో పోయినవాళ్ళని పడవలో పడుకోబెట్టి, పాయ మీదుగా ఇసక దిబ్బకి చేరుస్తారు. మావు ముట్టినవాణ్ణి మటుకు గట్టెమ్మట మోసుకుపోవాలి. అంతకన్నా పరువు తక్కువ లేదు వాళ్ళకి.

అలాంటి పాయలో మావులు ఖాళీ అవడం మొదలైంది. మొదట ఒక మావు. తరవాత ఇంకొకటి. తరవాత ఇంకొకటి. మనిషి ముట్టడు కదా, మరి ఎవరు? గట్టు మీద చూస్తే చేప పొలుసులు, పొలుసుల పక్కన అడుగులు. పిల్లి అడుగులు.

నీటిపిల్లే, ఇంకేముంది అన్నారు. పాయ మలుపులో జమ్ము పొదలున్నాయి, అందులోనే అది పిల్లల్ని పెట్టింది, జమ్ము ఎండి ఉంది, నిప్పు పెడితే తల్లీ పిల్లలూ ఒకేసారి పోతాయి అన్నారు. అయితే ఆ జమ్ము అడవిలో పిల్లి ఇల్లు ఎక్కడో తెలిసింది ఒక్క మసేనమ్మకే. దారి చూపించమని ఆవిణ్ణి పిలవడానికి కులపెద్ద పోతురాజు బైరాగిని పంపాడు. ఆ కేకే అది.

మసేనమ్మ చేతులు కడుక్కుని గట్టెక్కింది. ఊరంతా అక్కడే ఉంది, కాగడా కూడా సిద్ధంగా ఉంది. ఆవిడ నేరుగా వెళ్ళి పొలుసుల పక్కన అడుగుల దగ్గర గొంతుక్కూర్చుంది.

చూస్తే అన్నీ ఒకే పాదం అడుగులు. పిల్లికి నాలుగు కాళ్ళుండాలి కదా. ఇంకాస్త వంగి చూసింది. ప్రతి అడుగులోనూ చివరి వేలు గుర్తు కొంచెం వంకరగా ఉంది.

ఆవిడ ఆ వంకర వేలు ఎరుగును. కట్టు కట్టిన చెయ్యి కదా.

తల ఎత్తి బైరాగి వంక చూసింది. బైరాగి నీళ్ళ వంక చూశాడు. వాడి మావు ఎందుకు ఎప్పుడూ నిండుగా లేస్తుందో, ఊళ్ళో మిగతా మావులు ఎందుకు ఖాళీగా లేస్తున్నాయో ఆవిడకి అర్థమైపోయింది. తను ఆటగా నేర్పిన అడుగే. గట్టుకి ఎదురుగా ఎరకయ్య ఇంట్లో అప్పటికే పెళ్ళి పసుపు దంచారు. గుమ్మంలో పూలమ్మ చేతులు పచ్చగా, పొద్దుతిరిగిన ఎండలాగా మెరుస్తున్నాయి.

పోతురాజు అడిగాడు, "పిల్లి ఇల్లు ఎటుంది మసేనమ్మా?"

పిల్లి కాదు ముట్టింది అంది ఆవిడ.

రెండోసారి అడిగాడు. పిల్లి కాకపోతే ఎవరో చెప్పు మరి అన్నాడు. జమ్ములో ఎక్కడో పిల్లికూన ఒకటి సన్నగా అరిచింది. పిల్లలందరూ అటు తిరిగారు. ముందు చెవి కదా.

మూడోసారి, "చెప్తావా, నిప్పు పెట్టమంటావా?" అన్నాడు.

"నేనే తీశాను," అంది మసేనమ్మ.

గట్టంతా ఒక్కసారిగా గోల. పీతలమ్మి చేపలమ్మి అయిందా అని ఒకడు వెటకారం చేశాడు. ఇన్నాళ్ళూ మా పిల్లల్ని ఈవిడ దగ్గరా వదిలామని ఒకావిడ నుదురు కొట్టుకుంది. నిజం చెప్పు అని పోతురాజు రెట్టించాడు. నిజమే చెప్తున్నా, ఆ అడుగులూ నేను వేసినవే, శిక్షేదో వెయ్యండి అంది ఆవిడ. కొక్కెం పోతురాజు కాళ్ళ దగ్గర పెట్టేసింది. కాగడా నీళ్ళలో ముంచేశారు. చుయ్‌మని ఆరిపోయింది.

బైరాగి నోరు తెరిచాడు. పక్కనే ఎరకయ్య నిలబడి ఉన్నాడు. తెరిచిన నోరు అలాగే మూసేసుకున్నాడు.

ఆ తరవాత మసేనమ్మ పాయ దిగలేదు. పోటొచ్చినా పాటొచ్చినా గట్టు మీదే, నీళ్ళు తాకని చోట కూర్చునేది. వలలు అల్లి ఇచ్చి గంజి తాగేది. కొన్నాళ్ళు తల్లులు పిల్లల్ని పంపలేదు. అయితే పిల్లలు ఊరుకుంటారా? ఒకడొచ్చి, మామ్మా, నీటికుక్కలు మూడు కలిసి చేపని తరిమాయి, ఎందుకలాగ అని అడిగాడు. ఇంకొకతె వచ్చి, మడ గింజ చెట్టు మీదే మొలకెత్తింది, తల్లి ఒళ్ళో ఉండగానే కాళ్ళొచ్చాయి దానికి అని చెప్పింది. ఇదివరకు ఆవిడ చూపిస్తే పిల్లలు చూసేవారు. ఇప్పుడు పిల్లలు చూసొచ్చి చెప్తే ఆవిడ చూసేది. కళ్ళు మూసుకుని వినేది. ఆవిడ వింటున్నప్పుడు ఆ ముఖంలో పాయ మొత్తం కదిలేదట. సాయంత్రపు ఎర్రటి నీళ్ళూ, వాటి మీద బారులు తీరిన గూడకొంగలూ అన్నీ.

జమ్ములో పిల్లి కూనలు పెరిగాయి. వాటికి కూనలు పుట్టాయి. ఆ మలుపులోకి ఎవరూ నిప్పు తీసుకెళ్ళలేదు.

బైరాగికి పూలమ్మతో పెళ్ళయింది. మళ్ళీ వాడు ఇంకొకరి మావు ముట్టలేదు. ముట్టకపోతే ఏం, ముద్ద దిగేది కాదు. మూడుసార్లు మసేనమ్మ దగ్గరికి వచ్చాడు. మొదటిసారి చేపలు తెచ్చాడు, కొంగలకి వేసేసింది. రెండోసారి బిడ్డని తెచ్చాడు, ఎత్తుకుని ముద్దాడింది. మూడోసారి ఒట్టి చేతులతో వచ్చి, కాళ్ళ మీద పడి, అత్తా, ఆ రోజు, అని మొదలుపెట్టాడు.

"అది నాకు చెప్పే మాట కాదురా," అంది మసేనమ్మ. "నాకు తెలియందేముంది? తెలియనివాళ్ళకి చెప్పు."

వాడు లేచి వెళ్ళిపోయాడు. చెప్పలేదు. రోజులు గడిచాయి. పోతురాజు పోయాడు. నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోడు అని ఊరు బైరాగినే పెద్దని చేసింది. పెద్దరికం మెడకి ఉరిలాగా పడింది.

ఒక మాఘ మాసపు పొద్దున, నిండు పోటు మీద, గట్టున కూర్చున్నావిడ కూర్చున్నట్టే కన్ను మూసింది మసేనమ్మ.

ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలందరూ వచ్చారు. కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, కొందరికి మీసాలు నెరిశాయి. మామ్మని పాయ మీదే తీసుకెళ్తాం, పాయ దిగక ఎన్నేళ్ళయింది అన్నారు. నియమం ఒప్పుకోదు, మావు ముట్టిన మనిషి గట్టెమ్మట పోవాల్సిందే అన్నారు ముసలివాళ్ళు. పోటు తీసిపోతోంది. నీళ్ళు తీస్తే ఇక పడవ కదలదు. పెద్ద చెప్పాలి, పెద్ద చెప్పాలి అని అందరూ బైరాగి వైపు తిరిగారు. బైరాగి తన పడవలో నిలబడి ఉన్నాడు. పూలమ్మ ఎదురుగా గట్టు మీద ఉంది. నెరిసిన జుట్టుతో కూడా ఆవిడ ఆ పొద్దుటి వెలుగులో, బిందె పట్టుకున్న పిల్లలాగే ఉంది వాడి కళ్ళకి.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మాఘ మాసం నిండు పోటు రోజున పిల్లలందర్నీ పడవలెక్కించి మడలోకి తీసుకెళ్తారు. కళ్ళు మూయిస్తారు, వినిపిస్తారు, తరవాత చూపిస్తారు. చెయ్యి మటుకు ఎవరూ చాపరు. ఆ రోజు ఊరి పెద్ద పడవెక్కడు. ఎంత వయసు మీదపడినా గట్టెమ్మటే నడుస్తాడు. ఏం తాతా, నువ్వెందుకు ఎక్కలేదు అని కొత్త పిల్లలు అడుగుతారు. అడగాలి. అడిగితే పెద్ద ఆగి, ఊరంతా వినేలా, ఆ రోజు బైరాగి అన్న మాటలు అన్నట్టే అనాలి. దాచకూడదు, నవ్వకూడదు, తల దించకూడదు.

మసేనమ్మ పోయిన ఆ రోజు బైరాగి తెడ్డు పక్కన పెట్టాడు. పూలమ్మ వంక చూశాడు. పడవలోంచి దిగి, నీళ్ళు దాటి, గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ మావులు విప్పింది మసేనమ్మ కాదు. పిల్లీ కాదు. పూలమ్మ మీద ఆశతో నేను విప్పాను. పిల్లి అడుగులు నేనే వేశాను. ఆవిడకి తెలుసు, తెలిసే నా శిక్ష ఆవిడ మోసింది. అందరూ వినండి. ఆవిణ్ణి నా పడవలో పడుకోబెట్టండి. గట్టెమ్మట నడవాల్సింది నేను."