శనికి పెద్దపీట వేసిన గురివి

వానలు ఎప్పుడొస్తాయో ముందే చెప్పేవాళ్ళు ఇంకా పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గురివి అని ఒక ముసలమ్మ. సంతలో ధాన్యం తూచడం ఆమె పని. ఒక తక్కెడ, ఒక గుడిసె, పక్క వీధిలో ఒక కూతురు. అంతకుమించి ఆమెకేమీ లేదు.

ఒక ఏడు వాన లేదు. మరుసటేడూ లేదు. మూడో ఏడూ లేదు. రాజు గాదెలు తెరిపించి, మనిషికింత అని రోజూ తూచి పెట్టమని గురివికి అప్పగించాడు.

అదే కాలంలో జోస్యులు ఆకాశాన్ని పన్నెండు ఇళ్ళు చేసి, ఒక్కో గ్రహానికి ఒక్కో ఇంట్లో పెద్దపీట వేస్తున్నారు. సూర్యుడికి పీట దొరికింది. చంద్రుడికి దొరికింది. అందరికీ దొరికింది, కుంటుతూ నడిచే శనికి తప్ప.

"పీట లేక అలిగాడు, అందుకే వాన లేదు" అని జనం గొల్లుమన్నారు.

ఒక్కో ఇల్లు ఒక్కో పనివాళ్ళది. పెద్ద జోస్యుడు మీనం ఇంటి జాలరులను అడిగాడు. "మాకొద్దు బాబో, మాకొద్దు" అన్నారు. వృషభం ఇంటి రైతులను అడిగాడు. "మాకొద్దు బాబో, మాకొద్దు" అన్నారు. మేషం ఇంటి గొర్రెల కాపరులైతే కర్ర ఎత్తి మరీ, "మాకొద్దు బాబో, మాకొద్దు!" అని కసిరారు.

జోస్యుడు సంతలో నిలబడి తల పట్టుకున్నాడు. గురివి తక్కెడ కింద పెట్టింది.

"తుల ఇంట్లో వెయ్యండయ్యా. అది మా ఇల్లేగా."

తోటి తూకంవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "మతి పోయిందా అవ్వా? ఆయన చూపు పడితే మిగులుతామా?"

"నెమ్మదిగా నడుస్తాడనేగా తిడతారు? తూచేవాళ్ళకి తొందరెందుకురా? చూడనీ. తప్పు తూస్తేనేగా భయం."

అలా తులలో శనికి పెద్దపీట పడింది.

మర్నాడు దండనాయకుడొచ్చాడు. "ముసలీ, నా గంప కాస్త బరువుగా దించు."

"తుల ఇంట్లో ఆయన కూర్చున్నాడు బాబూ. ముల్లు ఆగనీండి."

దండనాయకుడి చెయ్యి కత్తి మీదికి పోయింది. కళ్ళు ఆకాశం మీదికి పోయాయి. తన వాటా తీసుకుని వెళ్ళిపోయాడు.

రాణిగారి దాది వచ్చింది. ఆమెకూ అదే మాట, అదే తూకం.

ఆ తర్వాత కూతురు మాచి వచ్చింది. చంకలో నెలల పిల్ల. ఏడవడానికి కూడా ఓపిక లేని పిల్ల.

"పాలు పడటం లేదమ్మా. ఒక్క గుప్పెడు ఎక్కువ వెయ్యి. నీ మనవరాలే కదా."

గురివి తక్కెడ ఎత్తింది. బొటనవేలు ఆనిస్తే చాలు, పళ్ళెం దిగుతుంది. ఎవరూ చూడరు.

"తుల ఇంట్లో ఆయన కూర్చున్నాడు తల్లీ. ముల్లు ఆగనీ."

ముల్లు ఆగింది. అందరికీ ఎంతో మాచికీ అంతే. అప్పుడు గురివి తన కొంగుముడి విప్పి, తన వాటా గింజలు కూతురి ఒళ్ళో పోసింది.

"ఇది తూకం కాదే. ఇది నాది."

ఆ రోజూ పోసింది, మర్నాడూ పోసింది, ఆ పైనా పోసింది. నేను తిన్నానులే అని కూతురికి చెప్పేది. గుడిసెలో పొయ్యి వెలగలేదు.

గాదెలో ఆఖరి గంప తూచిన సాయంత్రం వాన పడింది. ఊరంతా వీధుల్లోకి ఉరికింది. గురివి మాత్రం గాదె గోడకి ఆనుకుని, ఒళ్ళో తక్కెడతో, వానలో తడుస్తూ అలాగే ఉండిపోయింది. మూడేళ్ళ కరువులో ఆ ఊళ్ళో ఆకలికి పోయింది ఆమె ఒక్కతే.

దండనాయకుడు ఎవరూ అడగకుండానే వచ్చి పాడె మోశాడు. పెద్ద జోస్యుడు తాటాకు మీద రాసుకున్నాడు: శనికి పెద్దపీట వేసిన తులలో ఉచ్చస్థానం, కసిరికొట్టిన మేషంలో నీచస్థానం. జోస్యులు ఈనాటికీ అలాగే చెబుతారు.

ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో కొత్త ధాన్యం ఇంటికొస్తే, మొదటి దోసిలి తూచరు. చంటిబిడ్డ తల్లి ఒళ్ళో పోస్తారు. ఎంత పోశారని ఎవరైనా అడిగితే ఒకటే అంటారు:

"గురివి వాటాకి తూకం లేదు."