జవాబొస్తేనే తెరుచుకునే పీట

ఏటి ఒడ్డున మద్దిచెట్టు మీద వడ్రంగిపిట్ట కనకాచారి వామనగుంటల పీటలు చెక్కేవాడు. ఒక్కో పీటకి పదిరోజులు పట్టేది. ఎలుకలేమో వాటిని చూసి ఒక్క పూటలో అలాంటివే చెక్క కొరికి తయారుచేసి, అడిగినవాళ్ళకల్లా ఊరికే పంచిపెట్టేవి. పాపం, ఆచారి కడుపు మాడింది. అందులో అబద్ధం లేదు.

నక్క ఉపాయం చెప్పింది.

"పీటకి మూత బిగించు. లోపల గడియ దగ్గర ఒక కుమ్మరిపురుగుని కూర్చోబెట్టు. ఆడాలనుకున్నవాళ్ళు నీ చెట్టువైపు తిరిగి పేరు చెప్పాలి. నువ్వు టకటకమని జవాబిస్తేనే పురుగు గడియ తియ్యాలి."

"జవాబు రాకుండానే తీసేస్తే?"

"పురుగుల్ని తినేవాడివేగా. ఆ భయం చాలు."

కుందేలు గౌరమ్మ వేసవంతా ఏరిన ఇప్పపువ్వు ఇచ్చి ఒక పీట కొంది. ఆమె చెల్లెలు పోలికి ఉచ్చులో పడి కాలు విరిగింది. ఎముక అతికేదాకా నెల్లాళ్ళు కదలకూడదని ఎలుగుబంటి వైద్యుడు గట్టిగా చెప్పాడు. కుందేలుని కదలకుండా పడుకోబెట్టడం ఎవరి తరం? కానీ వామనగుంటలాడుతూ చింతగింజలు చేతిలో ఉన్నంతసేపూ పోలి బుద్ధిగా ఉండేది. రోజూ పొద్దున్నే గౌరమ్మ పేరు చెప్పేది, అటునుంచి టకటక వినబడేది, మూత తెరుచుకునేది. చెక్కినవాడి కష్టానికి ఆ మాత్రం న్యాయమేననుకుంది గౌరమ్మ.

పదిహేనో రోజున జవాబు రాలేదు.

"వానచప్పుడేమోనమ్మా, మళ్ళీ పిలువు," అంది లోపలి పురుగు.

వాన వెలిశాక పిలిచింది. మర్నాడూ పిలిచింది.

"నేనెవరో నీకు తెలుసు కదా. తియ్యవయ్యా."

"తెలుసమ్మా. తీస్తే ఆచారి నన్ను మింగేస్తాడు."

ఆ టేకుమూత గౌరమ్మ పళ్ళకి లొంగలేదు. చెట్టుదగ్గరికి పరుగెత్తితే చెట్టు ఖాళీ. ఆచారి ఏరు దాటి కొత్తచెట్టుకి మారిపోయాడట. ఏరు తగ్గడానికి పదిరోజులు పట్టింది. ఆలోగా పోలి విసుగెత్తి లేచి తిరిగింది. కట్టు జారి, ఎముక వంకరగా అతుక్కుంది.

ఏరు దాటివచ్చిన గౌరమ్మని చూసి ఆచారి తల దించుకున్నాడు.

"ఇక్కణ్ణుంచి నా చప్పుడు మీదాకా రాదు గౌరమ్మా. ఆ సంగతే మరిచిపోయాను. కొత్త పీట ఇస్తాలే. ఎంతైనా ఎలుకల పీడ వదిలింది కదా."

"ఎవరు చెప్పారు? మేముండే బండ పక్కనే ఉంటాయి ఎలుకలు. నీ మూతపీటని అడుగున పల్చగా ఉన్నచోట కొరికి, పురుగుని బయటికి పంపేసి, మొదటిరోజు నుంచీ ఆడుకుంటున్నాయి. అడిగినవాళ్ళకి ఇస్తున్నాయి కూడా. నీ కష్టం దోచుకోకూడదని నేనే అడగలేదు." గౌరమ్మకి ఏడుపొచ్చింది. "నా చెల్లెలు ఇంక పరుగెత్తలేదు ఆచారీ."

ఆ సంగతి అడవంతా పాకింది. తరవాత అతను మూతల్లేని పీటలు చెక్కినా, కొనడానికి ఒక్కరూ రాలేదు.

దొంగని ఆపలేని తాళం, కొన్నవాళ్ళనే బయట నిలబెడుతుంది.